లేవలేనని చెప్పిన రోజు

నిద్ర లేచేసరికే అలసిపోయి ఉండటం నాకు బీటెక్ సివిల్ ఆఖరి సంవత్సరంలో మొదలైంది. మొదటి డాక్టరు రక్తం తక్కువన్నారు. రెండో ఆయన ఫోను తక్కువ చూడమన్నారు. మూడేళ్ల తరవాత విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ స్కానింగ్ చూసి, ఇది వెన్ను కీళ్ల వాతమని చెప్పారు. పొద్దున్నే నడుం బిగుసుకోవడం, అప్పుడప్పుడు కళ్లు ఎర్రబడటం, ఎంత పడుకున్నా తీరని నీరసం, మూడూ దాని లక్షణాలేనట. పూర్తిగా పోదని కూడా అన్నారు. అయినా ఆ రోజు చోడవరం తిరిగొచ్చే బస్సులో నాకు ఏడుపు రాలేదు. ఆకలేసింది. ఇన్నాళ్లూ నాది బద్ధకమేనేమోనని నేనే అనుమానపడుతున్నాను మరి.

తరవాత ఏ పనికి ఎంత బలం పోతోందో రాసుకోవడం మొదలుపెట్టాను. పొద్దున స్నానం చేస్తే పదింటికే కళ్లు మూతలు పడుతున్నాయి, అందుకని స్నానం సాయంత్రానికి మార్చాను. వారానికి సరిపడా చొక్కాలు ఆదివారమే ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. అన్నిటికంటే ఎక్కువ బలం తినేసేది పనికెళ్లే అనకాపల్లి బస్సులో నిలబడటం. ముప్పావుగంట నిలబడ్డానంటే మధ్యాహ్నం తరవాత ఇక పని సాగదు. అందుకే బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకొనేవాణ్ని.

అనకాపల్లిలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఎస్టిమేట్లు వేసే పని నాది. సైటు బాధ్యత అప్పగిస్తానని ఆయన అన్నారు కాని, ఇంకా ఖాయం చెయ్యలేదు. జబ్బని తెలిస్తే ఇవ్వరేమోనని దాచాను. ఆలస్యమైతే బస్సు చెడిపోయిందనీ, కళ్లు ఎర్రబడితే దుమ్ము పడిందనీ చెప్పేవాణ్ని. చెప్పిందే మళ్లీ చెప్పకుండా ఏ అబద్ధం ఏ రోజు వాడానో తేదీతో సహా ఫోనులో రాసుకొనేవాణ్ని.

పోయిన వర్షాకాలంలో ఒక సోమవారం, బస్సు కిక్కిరిసి ఉంది. వంకాయల బుట్టతో ఒక ముసలమ్మ నా సీటు పక్కకి వచ్చి నిలబడింది. లేవాలని ముందు సీటు కమ్మీ పట్టుకున్నాను. నడుం లేవలేదు.

"ఏటి బాబూ, ముసిల్దాన్ని నిలబెట్టి దర్జాగా కూకున్నావు?"

బస్సంతా నావైపే చూసింది. అబద్ధమేదీ తోచలేదు.

"లేవలేకపోతన్నానమ్మా. నాకు జబ్బుంది."

"జబ్బా? గుండ్రాయిలాగున్నావు!"

"నడుం కీళ్ల జబ్బు. పైకి కనబడదు. నిలబడితే ఇంక ఆ రోజంతా పని చెయ్యలేను."

"మరా మాట ముందే సెప్పాల గదా, మాకేటి కలొస్తాదా? జరుగు అటు."

ఇద్దరి సీటులో మూడో మనిషిగా ఇరుక్కుని, బుట్ట నా కాళ్ల మీద పెట్టింది. తన మోకాళ్ల సంగతి చెప్పి, నేనేం మందులు వాడుతున్నానో అడిగింది.

"పెళ్లయిందేటి?"

"లేదమ్మా."

"అయితే సేసుకోబోయే గుంటకి కూడా ఇలాగే ముందే సెప్పేయ్."

జనం నవ్వారు. నేనూ నవ్వి వెనక్కి చూశాను. రెండు వరసల అవతల మా ఆఫీసులో కంప్యూటరు పని చూసే అక్క నిలబడి ఉంది. రోజూ ఆటోలో వచ్చే మనిషి, ఆ రోజే బస్సెక్కింది. నా నవ్వు ఆగిపోయింది.

దిగాక అక్క నా పక్కనే నడిచింది. "తమ్ముడూ, నువ్వు సెప్పింది నిజమేనా?"

"నిజమే."

ఆవిడ నుదురు కొట్టుకుంది. "అయ్యో! నువ్వు రోజూ రాత్రి తాగుతన్నావనుకున్నాం! ఎర్ర కళ్లు, పొద్దున్నే తూలడం, మధ్యాన్నం కునికిపాట్లు…"

"సారు కూడా అనుకున్నారా?"

"ముందన్నదే సారు."

అంత జాగ్రత్తగా నేను కాపాడుకున్నది తాగుబోతు పేరన్నమాట! అక్క చెప్పేలోపు నేనే చెప్పాలనుకుని తిన్నగా సారు గదిలోకి వెళ్లాను. జబ్బు పేరు, వాడే మందులు, ఏ గంటల్లో బాగుంటానో, ఏ పని చెయ్యలేనో, ఎస్టిమేటు చదివినట్టు వరసగా చెప్పాను.

ఆయన కళ్లజోడు తీశారు. "అంటే, నువ్వు తాగవా?"

"తాగనండి."

"ఇన్నాళ్లూ సైటుకి పంపనిది అందుకేనయ్యా! సిమెంటు బస్తాల దగ్గర తాగేవోణ్ని పెడితే నా గతేటి?" కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "పొద్దున్న పదిన్నరకి సైటుకెళ్లు. ఒంటిగంటకి వచ్చేయ్. నిలబడక్కర్లేదు, కుర్చీ వేయించుకో. నెల్లాళ్లు సూద్దాం."

ఆ నెల గడిచింది. పని ఇప్పుడు నాదే. నీరసం తగ్గలేదు, మందు మార్చిన వారాల్లో ఎక్కువే ఉంటుంది. కాని దాన్ని దాచే చాకిరీ లేకపోయేసరికి రోజుకో గంట చేతికి దొరికినట్టుంది. మధ్యాహ్నం ఆఫీసులో బల్ల మీద తల వాల్చి పడుకుంటున్నాను. నిన్న కళ్లు తెరిచేసరికి అక్క ఏదో డ్రాయింగు పట్టుకుని నిలబడి ఉంది.

"అయిందా, ఇంకా ఉందా?"

"ఇంకో పది నిమిషాలక్కా," అని మళ్లీ కళ్లు మూసుకున్నాను.