వద్దన్న విమానం

మామునూరు విమానాల మైదానంలో పైలట్లు కూర్చోవడానికి ఒక రేకుల షెడ్డు తప్ప ఏమీ ఉండేది కాదు. ఎండాకాలం అది పొయ్యి. వానాకాలం ఎక్కడ కూర్చున్నా నెత్తిన చుక్క పడేది. తిరుగు ప్రయాణానికి వ్యవధి దొరికినప్పుడల్లా వాళ్లు జట్కా కట్టించుకుని బట్టల మిల్లు దగ్గరి మా ఇంటికి వచ్చేవారు. మా అన్న కూడా పైలటే. యుద్ధకాలంలో విమానం నడపడం నేర్చుకుని, యుద్ధం ముగిశాక హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో చేరాడు. సైన్యం వదిలించుకున్న పాత విమానాలను కొని నడిపే కంపెనీ అది.

అన్నతోపాటు ఎక్కువగా వచ్చేవాళ్లు ఇద్దరు. ఒకాయన నలభై దాటిన మనిషి, అందరికంటే అనుభవం ఉన్నవాడు. ఆయనను మేము పెద్దాయన అనేవాళ్లం. ఇంకొకతను అన్నకంటే చిన్న, హైదరాబాదు కుర్రవాడు. నోరు ఆగేది కాదు. నేను వాళ్ల ఎదుట పడేదాన్ని కాదు. చాయ్ గిన్నెలు గడప దగ్గర పెట్టి, వంటింటి పరదా వెనక పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. ఆ పూట చదివిన పేజీలు ఏవీ నాకు గుర్తుండేవి కావు.

ఆ వానాకాలం వాళ్ల మాటలన్నీ యూనియన్ చుట్టే తిరిగాయి. బొంబాయిలో పైలట్లు సంఘం పెట్టుకున్నారని కబురు వచ్చింది. ఇక్కడి నుంచి కూడా ఒక మనిషి నిలబడి కంపెనీతో మాట్లాడాలని, ఆ మనిషి మా అన్నే కావాలని కుర్రవాడి పట్టుదల. గాలిలో ఉన్న గంటలకే భత్యం ఇస్తారు కనుక ఒళ్లు బాగా లేకపోయినా అందరూ ఎక్కేవారు. విమానం బాగా లేదని వద్దన్నవాడి వంతు మరుసటి వారం ఇంకొకరికి పోయేది. ఎక్కడైనా విమానం కూలితే తప్పు పైలట్‌దే అని రాసేసేవారు. అతని ఇంటివాళ్ల చేతికి ఏమీ వచ్చేది కాదు.

"యూనియన్ అంటే మిల్లోళ్లది," అన్నాడు పెద్దాయన. "మనం టోపీలు పెట్టుకునేటోళ్లం. రెక్క మీద నిలబడి జిందాబాద్ అందామా?"

"టోపీ ఉన్నది గని చాచా, దాని మీద రేకుల షెడ్డు కారుతాంది," అన్నాడు కుర్రవాడు.

మా బాపు మిల్లులో జాబర్. మగ్గాలు చూసేవాళ్ల మీద పెద్ద. అప్పుడే షిఫ్టు దిగి, తలలో దూది నూగుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మిల్లోళ్లన్న మాట ఆయనకు వినపడిందని పెద్దాయనకు తెలిసి, "ఏమనుకోకు అన్నా," అన్నాడు.

"అనుకునేదేమున్నది," అన్నాడు బాపు. "మా కాడ ముందల నిలబడ్డోడు గేటు బయటనే ఉండిపోయిండు. ఎన్క నిలబడ్డోళ్లకు కూలి పెరిగింది. మావోణ్ని మాత్రం ముందల్కి నూకకున్రి."

బాపు జీతం చాలక, అన్న కొలువు మీదే మా ఇల్లు నడుస్తోందని వాళ్లకూ తెలుసు. పెద్దాయనే మళ్లీ మొదలుపెట్టాడు.

"మనకు యూనియన్ ఉండనే ఉన్నది తమ్మీ. ఒకడు ఈ విమానం ఒద్దన్నడంటే ఇంకొకడు ఎందుకని అడగడు. దాన్ని ముట్టడు. ఇన్నేండ్ల సంది గదే రివాజు. గంతకన్న పెద్ద సంఘం ఏది?"

"కంపెనీ మెడ మీద కూసుంటే ఎవడన్న ముడతడు చాచా. నేనొకటి చెప్త. ఒకనాడు మంచి విమానాన్నే పట్టుకుని ఒద్దందాం. అందరం. అప్పుడు ఎరుకైతది వాళ్లకు."

పెద్దాయన మొహం మాడ్చుకున్నాడు. "గదొక్కటి చెయ్యకున్రి. ఉత్తగ ఒద్దంటే, రేపు నిజంగ ఒద్దన్ననాడు ఎవ్వడు నమ్మడు." అని అన్న వైపు చూశాడు. అన్న ఔననలేదు, కాదనలేదు. కొద్దిగా నవ్వాడు. అన్నకు నవ్వు వస్తే ఆపుకోవడం చిన్నప్పటి నుంచీ రాదు. కుర్రవాడి మాట తీరుకు నవ్వాడని నాకు తెలుసు. పెద్దాయనకు అది మరోలా కనిపించి ఉంటుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ముసురు పట్టిన రోజున, అన్న మామునూరులో విమానాన్ని వద్దన్నాడు. బయలుదేరే ముందు ఇంజన్లు పూర్తి జోరుకు పెంచి చూస్తారట. బాగా వేడెక్కాక కుడి ఇంజను తడబడిందట. ప్రయాణికులను స్టేషన్‌కు పంపి రైలు ఎక్కించారు. కంపెనీ మెకానిక్ వచ్చి చల్లారిన ఇంజను తిప్పి చూస్తే అది శుభ్రంగా నడిచింది. అన్న మళ్లీ వద్దనే అన్నాడు. ఇంటికి వచ్చి, తడిసిన బూట్లు విప్పి, ఇంజను మార్చాలి అని అమ్మతో చెప్పి పడుకున్నాడు. ఇంజను అంటే అమ్మకేం తెలుసు. మార్చనియ్యి బిడ్డా, అంది.

మరునాడు పొద్దున రైల్లో పెద్దాయన దిగాడు. ఖాళీ విమానాన్ని హైదరాబాదు తీసుకుపొమ్మని కంపెనీ ఆయనను పంపింది. మైదానానికి పోయేముందు మా ఇంటికి వచ్చాడు. అమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. ఎప్పుడూ రెండోసారి పులుసు అడిగే మనిషి, ఆ రోజు సగం రొట్టె పళ్లెంలోనే వదిలాడు. చెయ్యి కడుక్కుంటూ అన్నను అడిగాడు.

"తమ్మీ, ఒక్క మాట. ఇంజన్ నిజంగనే బాగలేదా, లేకుంటే పోరగాడు చెప్పిన యూనియన్ పనా?"

అన్న మొహం నల్లబడింది. వద్దన్నవాణ్ని ఎందుకని అడగకూడదన్నది ఆయన చెప్పిన రివాజే. ఆయనే అడిగాడు.

"ఒద్దన్న గద," అన్నాడు అన్న. "ఇంకేం చెప్పాలె?"

"గట్ల కాదు తమ్మీ. నాకు చెప్పు."

"నా మాట మీద నమ్మకం లేకుంటే పోయి తిప్పి చూసుకోన్రి."

పెద్దాయన తడి చెయ్యి తుడుచుకున్నాడు. "సరే. చూసుకుంట," అన్నాడు. గడప దాటుతూ పరదా వైపు తిరిగి, "పోయొస్త బిడ్డా, మంచిగ చదువుకో," అన్నాడు. నేను అక్కడ ఉంటానని ఆయనకు తెలుసని అప్పటిదాకా నాకు తెలియదు.

వేడెక్కాకే తడబడుతుందన్న మాట అన్న ఆయనకు చెప్పనే లేదు. ఆయన తిప్పి చూసినప్పుడు కూడా ఇంజను చల్లగా ఉంది. బాగానే నడిచింది. అన్న చేసింది యూనియన్ పనే అనుకుని ఉంటాడు. అనుకుని, కుర్రవాళ్ల మీద నింద రాకుండా విమానాన్ని చప్పుడు లేకుండా హైదరాబాదు చేర్చేద్దామనుకున్నాడేమో. ఇది నా ఊహ. అడగడానికి ఆయన లేడు.

విమానం ధర్మసాగర్ దాటాక చేలలో పడింది. పెద్దాయనతోపాటు విమానంలో వైర్‌లెస్ చూసే అతనూ పోయాడు. నాట్లు వేస్తున్న ఆడవాళ్లు మొదట చూశారట. కబురు తెలిసి అన్న సైకిల్ మీద పోయాడు. తిరిగి వచ్చేసరికి మోకాళ్లదాకా బురద ఉంది. అమ్మ నీళ్లు తోడి పెట్టింది. అవి చల్లారిపోయాయి కానీ అన్న లేవలేదు.

నెల తిరగకముందే పెద్దాయన భార్య వచ్చింది. అమ్మ చాప వేస్తే గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

"తప్పు ఆయనదే అంటున్రు తమ్మీ. పైసా రాదంట. ఇచారణ పెడ్తరట. ఇంజన్ బాగలేదని నువ్వొచ్చి చెప్పాలె."

"వస్త వదినా."

"నీ నౌకరికి ఏమన్న అయితదేమో."

అన్న బాపు వైపు చూశాడు. బాపు నేల వైపు చూస్తూ, "పోనియ్యి," అన్నాడు. దేన్ని పోనివ్వమన్నాడో అడగవలసిన పని లేకపోయింది.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "ఆయన నిన్ను అడిగిండా?" అంది.

"అడిగిండు," అన్నాడు అన్న.

"ఏమని చెప్పినవ్?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె తిట్టలేదు, శపించలేదు. చాప అంచున ఊడిన ఈనెను లోపలికి నెడుతూ కూర్చుంది. వెళ్లేటప్పుడు అమ్మ పెట్టబోయిన బొట్టు వద్దంటూ చెయ్యి అడ్డం పెట్టింది. అమ్మ అలవాటుగా కుంకుమ భరిణ తెచ్చేసింది. ఆ భరిణను అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

విచారణ హైదరాబాదులో జరిగింది. వేడెక్కితే ఇంజను తడబడుతోందని, అందుకే తాను వద్దన్నానని అన్న చెప్పాడు. వాళ్లు ఒక్కటే అడిగారట.

"మీరు వద్దన్న సంగతి ఆయనకు తెలుసా?"

"తెలుసు."

ఇంకేమీ అడగలేదట. ఇంకొక పైలట్ వద్దన్నాడని తెలిసి కూడా విమానం లేపాడు కనుక తప్పు ఆయనదే అని తేల్చారు. అన్న నిజం చెప్పబట్టే ఆ మాట వాళ్ల చేతికి దొరికింది. ఆమె బయట బల్ల మీద కూర్చుని అంతా వింది. అన్న బయటికి వస్తే, "నేను చెప్పుమన్నదే చెప్పినవ్ తమ్మీ," అని లేచి వెళ్లిపోయిందట. ఆ వారమే అన్నను కొలువులోంచి తీసేశారు. ఇంటికి వచ్చి ఇదంతా బాపుకు చెబుతున్నప్పుడు అన్న గొంతు ఎక్కడా తడబడలేదు. అది నాకు ఏడుపుకన్నా భయంగా తోచింది.

చలి మొదలయ్యాక కుర్రవాడు వచ్చాడు. ఆ రోజు అతను ఒక్క హాస్యమూ ఆడలేదు. హైదరాబాదులో పైలట్లందరూ సంఘంలో చేరారని చెప్పాడు. మాట్లాడే మనిషిగా అన్ననే పెడదామనుకున్నారట, కానీ కొలువులో లేనివాణ్ని కంపెనీ ఒప్పుకోదట.

"ఒకటి తెగుతలేదు అన్నా. ఒద్దన్నోణ్ని ఎందుకని అడగొద్దని సగం మంది అంటున్రు. చాచా మాట అదే గద, దాన్నే కాయిదం మీద పెడ్దామని. మిగిలినోళ్లు గట్ల కుదరదంటున్రు. నిన్ను అడిగి రమ్మన్నరు."

అన్న చాయ్ గిన్నెను చేతుల మధ్య తిప్పాడు. నేను పరదా పక్కకు జరిపి నిలబడి ఉన్నాను. ఆ రోజు దాక్కోవాలని తోచలేదు.

"ఎందుకని అడిగినోనికి చెప్పాలె. గదే రాయున్రి," అన్నాడు అన్న.

అన్న ఇంకేమైనా అంటాడేమోనని కుర్రవాడు చూశాడు. తర్వాత చెప్పులు వేసుకుని జట్కా ఎక్కాడు.