పదకొండుంబావు మీటర్లు

మొన్న బుధవారం కిటికీ తెరల గుడ్డ కోసం హన్మకొండలో ఒక బట్టల దుకాణానికి వెళ్లాను. ఐదు కిటికీలు, ఒక్కోదానికి రెండుంబావు మీటర్లు. కౌంటరు దగ్గరి అమ్మాయి పెదవులు ఒకసారి కదిలాయి. "పదకొండుంబావు" అని మెల్లగా అని, వెంటనే ఫోను తీసి అదే లెక్క మళ్లీ నొక్కింది. అప్పుడు గుర్తుపట్టాను. అట్లా పెదవులు కదుపుతూ లెక్క చేయడం నేను నేర్పిందే.

చాలా ఏళ్ల కిందట మా వీధిలో ఒక రిటైర్డు టీచరమ్మ, చదువులో వెనకబడ్డ పిల్లలకు సాయంత్రాలు మా అరుగు మీద ఉచితంగా పాఠాలు చెప్పేది. లెక్కలు నా వంతు. నేను పెద్దగా చదువుకోలేదు. మా స్టీలు గిన్నెల దుకాణంలో గల్లా దగ్గర కూర్చుని నేర్చిందే నా చదువు. ఈ పిల్ల అప్పుడు పదో తరగతి, నన్ను అమ్మమ్మా అని పిలిచేది. వాళ్లమ్మ మిర్చి యార్డులో కూలి. పిల్ల వచ్చి కూర్చుంటే బట్టల్లోని ఆ ఘాటుకు టీచరమ్మ తుమ్మేది, పిల్ల నవ్వేది. లెక్కల పుస్తకం తెరిస్తే మాత్రం నవ్వు ఆగిపోయేది. దానికేమో పాలిటెక్నిక్ చదవాలని ఆశ.

"గిరాకి ముందట కాయితం తీస్తె నీకు లెక్క రాదనుకుంటడు" అనేది మా అత్తగారు. నాదీ అదే పద్ధతి. "పెన్ను పక్కకు పెట్టు బిడ్డా, నోటితోని చెప్పు" అనేదాన్ని. దసరా సెలవులు అయ్యేసరికి పిల్ల నాకంటే ముందే జవాబు చెప్పడం మొదలుపెట్టింది. టీచరమ్మకు వినబడాలని నేను కావాలనే ఇంకో లెక్క గట్టిగా అడిగేదాన్ని.

తర్వాతి పరీక్షలో పిల్ల ఒట్టి జవాబులే రాసింది. అన్నీ సరైనవే. స్టెప్పులు ఏవీ అని బళ్లో లెక్కల సారు నిలబెట్టి అడిగాడట. "'మనసుల చేసిన సార్' అన్న అమ్మమ్మా. 'మనసుల చేసినవా, పక్కదాంట్ల చూసినవా' అన్నడు. అందరు నవ్విన్రు" అని పిల్ల వచ్చి చెప్పింది. నేను బడికి వెళ్లి సంగతి చెప్పాను. సారు మర్యాదగా కుర్చీ వేసి, "జవాబుకు ఒక్క మార్కేనమ్మా, మిగిలినవన్ని స్టెప్పులకే" అన్నాడు.

ఆ రోజు నుంచి స్టెప్పులు రాయించాను. రాసేది, కానీ ప్రతి వరుస దగ్గరా ఆగి నా మొహం చూసేది. పది గట్టెక్కింది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు మాత్రం పోనంది. "అండ్ల స్టెప్పులు అడగరే, జవాబు గుర్తు పెడితే సాలు. నీ అసొంటోళ్ల కోసమే పెట్టిన్రు" అని బతిమాలాను. "నా జవాబు మీద నాకే నమ్మకం లేదు అమ్మమ్మా" అంది. పరీక్ష రోజు అరుగు మీద కూర్చుని చిన్న పిల్లలకు ఎక్కాలు చెప్పింది.

"ముందుగాలనే చెప్పినవు గదనే, మళ్ల ఫోనెందుకు?" అన్నాను దుకాణంలో.

తలెత్తి చూసి, "అయ్యో, అమ్మమ్మా, నువ్వా!" అని నవ్వింది. "తప్పుపోతె గుడ్డ కరాబైతది గద" అంటూ ఇంకోసారి కొలిచి, అప్పుడు కత్తెర అందుకుంది.

తిరిగి వస్తూ ఆటోలో, దానికి ఇప్పుడు ఎన్నేళ్లుంటాయో తీసివేసి చూసుకున్నాను. జవాబు వెంటనే వచ్చింది. మా అరుగు నుంచి ఆ కౌంటరు దాకా కాలం ఏ ఏ స్టెప్పుల్లో వచ్చిందో రాయమంటే మాత్రం, నాకూ చేతకాదు.