నిలిచిన నీళ్ల పేరు

నా చిన్నప్పుడు మేము కువైట్‌లో, మిర్కాబ్‌లోని ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్లం. మా నాన్నది కడప జిల్లా, కువైట్‌లో డ్రైవరు పని. కాలేజీ చదివే పక్కింటి అక్కవాళ్లది విజయవాడ. ఆమె లైబ్రరీ నుంచి పాత ఇంగ్లీషు మాటల పుస్తకాలు తెచ్చి నాకు అర్థాలు చెప్పేది. ఫర్లాంగంటే ఎడ్లు ఆగకుండా దున్నే ఒక చాలు పొడవనీ, ఫాదమ్ అంటే మన బారేననీ ఆమె దగ్గరే తెలుసుకున్నాను. నేను పెద్ద చదువులు చదవలేదు. నాకున్న ఇంగ్లీషంతా అలా లైబ్రరీ పుస్తకాల్లో ఏరుకున్నదే. అందుకు కాస్త గర్వం కూడా ఉంది.

ఒక చలికాలపు శుక్రవారం నాన్న మా ఇద్దరినీ సముద్రానికి తీసుకెళ్లాడు. ఆటు సమయం. నీళ్లు వెనక్కి తగ్గి, బురదనేల కనుచూపు మేర బయటపడింది. గవ్వలు ఏరుకుంటూ చాలా లోపలికి వెళ్లాక మంచు కమ్మింది. ఒడ్డు మాయమైంది. నమాజు పిలుపు వినబడింది కానీ, అన్ని వైపుల నుంచీ ఒకేలా వినబడింది. పక్కనున్న సన్నటి పాయలో నీళ్లు అద్దంలా నిలిచిపోయాయి. పక్షులు కూడా అరవడం మానేశాయి.

"నీళ్లు నిలబడినాయి, భయం లేదు. మంచు ఇడిసేదాంక ఈడ్నే కూచ్చుందాం," అన్నాడు నాన్న. ఆయన ఎరిగినవి చెరువులు. వాటిలో కదలని నీళ్లు ఎవరినీ ఏమీ చేయవు.

"కూర్చోకూడదు బాబాయ్ గారూ. దీన్ని స్లాక్ వాటర్ అంటారు. ఆటు అయిపోయింది, ఇక పోటు వస్తుంది," అంది అక్క.

"పుస్తకంలో నీళ్లకు కాళ్లు తడుస్తాయా పాపా?"

అక్క మేము తింటున్న వేరుశనక్కాయల తొక్కలు పాయలో వేసింది. అవి కదల్లేదు. ముగ్గురం వంగి చూస్తూ ఉండిపోయాం. కాసేపటికి, కింద నుంచి ఎవరో పట్టి లాగినట్టు, అన్నీ ఒకేసారి ఒక వైపుకు బయల్దేరాయి.

"పోటు ఒడ్డుకే పోతుంది. అవి పోయే వైపే మనమూ," అంది.

నాన్న నన్ను భుజానికెత్తుకున్నాడు. వెనక నుంచి బుసబుసమనే చప్పుడు మా అడుగుల వెంటే వచ్చింది. ఒడ్డు రాళ్లెక్కేసరికి నాన్న మోకాళ్ల దాకా తడిసిపోయాడు. మంచు పలచబడ్డాక చూస్తే మేము నిలబడ్డ నేల లేదు. అంతా సముద్రమే. నాన్న అటే చూస్తూ, "ఆ నిలబడిన నీళ్ల పేరు ఇంగోసారి చెప్పు పాపా," అన్నాడు.

ఇప్పటికీ, చుట్టూ ఉన్నట్టుండి అంతా సద్దుమణిగితే నాకు నిమ్మళం కలగదు. లేచి నిలబడి, ఏది ఎటు కదలబోతోందో చూస్తాను.