చీటీలో లేని ప్రశ్న

ఆ రోజు తప్పు నాదే. రాజోలు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో నేను సాంఘిక శాస్త్రం మాస్టారిని. పౌరశాస్త్రం బోధనలో శిక్షణ పొంది వచ్చాక, చుట్టుపక్కల ఉపాధ్యాయుల ముందు పిల్లలతో గ్రామసభ జరిపించి చూపమన్నారు. పరువు పోకూడదని ప్రశ్నలు, జవాబులు నేనే చీటీల మీద రాసి వారం రోజులు బట్టీ పట్టించాను.

సభ మధ్యలో ఎనిమిదో తరగతి దీవెన తన చీటీ మడిచేసి, "సర్పంచ్ గారండీ, మా పేట కుళాయిలో ఉప్పునీళ్ళొస్తున్నాయండి. ఎప్పుడు బాగుచేస్తారండి?" అంది. సర్పంచ్ వేషంలో ఉన్న పిల్లాడు బిక్కమొహంతో నావైపు చూశాడు.

"అది చీటీలో లేదు, కూర్చో!" అని అరిచాను.

"గ్రామసభంటే మన కష్టం అడగడానికేనని మీరే చెప్పేరు కదండీ, మాస్టారూ!"

ఉపాధ్యాయులంతా గొల్లున నవ్వారు. "ఆయ్, పాఠం బాగానే చెప్పేరండి!" అన్నారొకాయన. దీవెన మాత్రం తల దించుకుని కూర్చుంది. ఆ తర్వాత తరగతిలో చెయ్యెత్తడం మానేసింది.

నాలుగు రోజులు చూసి, తరగతి అందరి ముందు ఆమెకు క్షమాపణ చెప్పాను. అసలు గ్రామసభ నాడు దీవెననూ వాళ్ళమ్మనూ వెంటబెట్టుకుని వెళ్ళాను. సర్పంచ్ గారు "ఏం కావాలమ్మా?" అనగానే దీవెన నావైపు చూసింది. నేను రెండడుగులు వెనక్కి జరిగాను.

ఆమె అడిగింది. కార్యదర్శి గారు ఆ ప్రశ్నను ఆమె మాటల్లోనే పుస్తకంలో రాసుకున్నారు.