లాటిన్ దిష్టి

గుమ్మడికాయ పులుసు వడ్డిస్తే నాకు ఇప్పటికీ పౌరుషం పొడుచుకొస్తుంది. ఆ రోజుల్లో నా మీద పడిన నింద అలాంటిది. అప్పుడు రాజాంలో బీఎస్సీ చదువుతూ, చీపురుపల్లి దగ్గరి మా ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్లొచ్చేదాన్ని. మా బోటనీ మేడమ్ తలా ఒక లాటిన్ మాట పంచి సెమినార్ చెప్పమన్నారు. నాకు ‘క్రెస్కెరె’ వచ్చింది. అంటే పెరగడం. చెట్టు పెరిగినా, పిల్లలు ఎదిగినా, చంద్రుడు నిండినా, ఏరు పొంగినా, మనిషికి పేరొచ్చినా లాటిన్ వాళ్లు అదే క్రియ వాడేవారట. (మాటల కరువేమో అనుకున్నాను గానీ మేడమ్‌తో అనలేదు.) నేను నోరు విప్పితే నా యాసకి నవ్వేవాళ్లు క్లాసులో ఇద్దరుండేవారు. ఈ సెమినార్‌తో వాళ్ల నోరు మూయించాలని పట్టుబట్టాను. ఉత్త మాటలు చాలవు, రుజువు కావాలి. పెరట్లో నాయనమ్మ గుమ్మడి పాదుకి ఒకే ఒక్క పిందె నిలిచింది. రోజూ పొద్దున్నే దాన్ని టేపుతో కొలిచి, ఫొటో తీసి, ‘క్రెస్కిట్, అంటే పెరుగుతోంది’ అని పైకి చదువుతూ నోట్సులో రాసుకునేదాన్ని.

“ఏటే ఆ కొలతలు? పిందికి ఏలు సూపిస్తేనే కుళ్లిపోతాది. నువ్వు టేపు సుట్టి, పెరుగుతన్నాది పెరుగుతన్నాది అని ఊరంతటికీ ఇనిపిస్తన్నావు” అంది నాయనమ్మ.

“తెలుగులో అంటే కదా దిష్టి. నేను లాటిన్లో అంటన్నాను” అన్నాను. (ఆ తెలివికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.)

ఆరో రోజు పిందె మెత్తబడి రాలిపోయింది. సెమినార్ ఇంకా రెండు రోజులే. నా దిష్టే తగిలిందని ఇంట్లో విచారణ లేకుండానే తీర్పు వచ్చేసింది. పక్కింటి అత్త కూడా వచ్చి, పిందెని చూసి, నన్ను చూసి, నిట్టూర్చి వెళ్లింది. నాకు ఒళ్లు మండిపోయింది. పిందెని కత్తిపీట మీద రెండు చెక్కలు చేస్తే లోపల తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి.

“సూడు, ఈగ గుడ్లెట్టింది. ఇందులో నా తప్పేటి?”

నాయనమ్మ వంగి పరీక్షగా చూసింది. “పురుగే. మరి ఇక్కడ కాయున్నాదని ఆ ఈగకి సెప్పిందెవులు?”

కోపంతో ఆ పూట అన్నం మానేశాను. ఆ కోపంతోనే సెమినార్‌కి వెళ్లాను. బట్టీ పట్టిన పుస్తక భాష ఒక్క ముక్క గుర్తు రాలేదు. కుళ్లిన పిందె ఫొటో, ఈగ, నాయనమ్మ ప్రశ్న, అన్నీ మా ఊరి యాసలోనే కక్కేశాను. క్లాసంతా నవ్వింది, ఆ ఇద్దరితో సహా. మేడమ్ కళ్లు తుడుచుకుని, ఇంకో ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాయనమ్మ అరుగు మీద చిక్కుళ్లు ఒలుస్తోంది.

“సెప్పీసినావా?”

“సెప్పీసినాను.” నా కోపం ఇంకా చల్లారలేదు.

“అదేటో నాకూ సెప్పు.”

ముఖం ముడుచుకునే క్రెస్కెరె సంగతంతా అప్పజెప్పాను. చిక్కుళ్లు పక్కన పెట్టి విన్నది.

“సెట్టుకున్నాది, సందమావకున్నాది, ఏటికున్నాది. మరి మాలాగ ముసిలోల్లు అయిపోతంటే, దానికేటే మాట?”

ఆ మాట నాకు తెలుసు. సెనెస్కెరె. ముసలితనం మీద పడటం, కళ తప్పడం, తరిగిపోవడం. పొద్దున్నే క్లాసులో, మేడమ్ ఇచ్చిన ఆ ఐదు నిమిషాల్లో, గొంతెత్తి మరీ చెప్పొచ్చాను.

“దానికి మాట లేదు నాయనమ్మా” అన్నాను.

“పోన్లే, రాసినోలు మర్సిపోనారేమో” అని మళ్లీ చిక్కుళ్లు అందుకుంది. అన్నీ తెలుసని ఎగిరెగిరిపడే ఆ పిల్ల, అంటే అప్పటి నేను, తెలిసిన మాట ఒకటి నోట్లోనే మింగేసింది ఆ ఒక్క పూటే. ఆ పిల్లని తలుచుకుంటే నాకిప్పుడు ముద్దొస్తుంది.