వాటీ గారి మిగులు కరెంటు

మా వీధి వాటీ గెడెస్ గారికి ఒకటే జబ్బు. తన ఇంటి కప్పు మీద పుట్టిన కరెంటును పదిమంది చేత ఖర్చు పెట్టించకపోతే ఆయనకు తిన్నది అరగదు.

స్కాట్లాండ్‌లోని మా గ్లాస్గోలోనే బస్సు నడిపి రిటైరయిన మనిషి. రిటైరవగానే కప్పు నిండా సోలార్ పలకలు పెట్టించారు. మా ఊళ్లో సగం రోజులు వాన, మిగతా సగం వాన పడబోతున్నట్టుంటుంది. వీధంతా నవ్వింది. పలకలు తడవకుండా గొడుగు పట్టమని సలహా ఇచ్చినవాణ్ణి నేనే.

"ఎండ ఎందుకోయ్? వెలుతురు చాలు. చల్లగా ఉంటే పలకలు ఇంకా హుషారుగా పనిచేస్తాయి" అనేవారు.

నిజమే. జూన్‌లో మా దగ్గర పొద్దు ఓ పట్టాన గుంకదు. ఆయనింట్లో కరెంటు పొంగిపొర్లేది, అది మా ప్రాణం మీదికొచ్చేది. దారిన పోయేవాళ్లను ఆపి ఇస్త్రీ బట్టలున్నాయా అని అడిగేవారు. మా ఇంట్లో ఉతికి మడతపెట్టిన దుప్పట్లు పట్టుకెళ్లి మళ్లీ ఉతికారు. ఒకసారి పోస్టుమన్‌కు కప్పు మీద కప్పు టీ కాచి పోస్తే, ఆ రోజు వీధి చివర ఇళ్లకు ఉత్తరాలే అందలేదు.

ఎదురింటి నెట్టా కెయిర్న్స్ మాత్రం ఇలాంటివాటికి లొంగే మనిషి కాదు. భర్త పోయాక ఆవిడ ఎవరినీ అగ్గిపుల్ల కూడా అడిగి ఎరగదు. ఆ ఏడు చలికాలం బిల్లుకు భయపడి హీటరు వేయడం మానేసి, ఇంట్లోనే కోటు తొడుక్కుని కూర్చునేది. దగ్గు పట్టుకుంది. మా ఆవిడ సాయం చేస్తానని వెళితే, తనకేం చలి లేదని తలుపేసుకుంది.

తర్వాత వాటీ గారు వెళ్లారు. సాయం మాటే ఎత్తలేదు. తన గోడే వెళ్లబోసుకున్నారు. కరెంటు మిగిలిపోతోందట, వాడకపోతే బ్యాటరీ పాడవుతుందట, ఒంటివాడు ఎంతని వాడతాడట.

"నా కోసం కాస్త వచ్చి కూర్చో నెట్టా, పుణ్యముంటుంది" అన్నారు.

ఆవిడ విసుక్కుంటూనే అల్లిక సంచి తీసుకుని వెళ్లింది. అది మొదలు రోజూ మధ్యాహ్నం ఆయన ముందుగదిలో, హీటరు పక్కనే మకాం. కరెంటు మిగిలిందన్న వంకతోనే సూపు కూడా కాచేవారు. నెమ్మదిగా దగ్గు తగ్గింది. చలికాలంలోనూ కరెంటు మిగులుతోందంటే నేనూ నమ్మాను.

జనవరిలో మంచు పడింది. కప్పు మీద పలకలు కనబడకుండా జానెడు మందాన పేరుకుంది. ఆ పూట కూడా వాటీ గారు గుమ్మంలో నిలబడి, కరెంటు తన్నుకొస్తోంది, తొందరగా రమ్మని ఆవిణ్ణి కేకేశారు. రోడ్డు మీద జారిపడకుండా నేను ఆవిడ చేయి పట్టుకుని దాటించాను. నా చూపు కప్పు మీదికి పోయింది. నోరు తెరవబోయాను. ఆవిడ నా చేయి గట్టిగా నొక్కింది.

"పైకి చూడకు నాయనా. నువ్వు చూస్తే ఆయనా చూడాల్సొస్తుంది" అంది మెల్లగా.

గుమ్మం దగ్గరికి చేరాక గొంతు పెంచింది. "ఇవాళ కూడా మిగిలిందా వాటీ? ఏం ఖర్మయ్యా నాకు" అని సణుగుతూ లోపలికి నడిచింది.