హీబ్రూలో ఒక ఊరి పేరు

దోహాలో, అల్ సద్‌లోని ఒక అనువాదాల ఆఫీసుకు నన్ను మా హైదరాబాద్ కంపెనీ పంపింది. అక్కడి కంప్యూటర్‌లో హీబ్రూ పెట్టి టైపింగ్ నేర్పడం నా పని. అవి తొంభైల చివరి రోజులు. నేర్చుకోవలసిన అబూ సలీం పాలస్తీనా పెద్దాయన. హీబ్రూ మాట్లాడే హైఫా నగరంలో తాపీపని చేస్తూ ఆ భాష వంటపట్టించుకున్నారట.

ఏ కీ ఎక్కడుందో నేను చూపిస్తుంటే, అక్షరాల పేర్లు ఆయనే నాకు చెప్పారు. "ఇది అలెఫ్, మా అరబ్బీ అలిఫ్‌కి చుట్టం. అక్షరాలకు గొడవల్లేవు," అన్నారు. ఒక పాలస్తీనా మనిషి నోట ఆ మాట నేను ఊహించలేదు.

మొదటి పని ఒక మ్యాప్. తన ఊరు వచ్చేసరికి ఆయన, కస్టమర్ ఇచ్చిన కొత్త హీబ్రూ పేరు వదిలేసి, పాత అరబ్బీ పేరునే హీబ్రూ అక్షరాల్లో కొట్టారు. అక్కడి మేనేజర్ ప్రసాద్, గుంటూరువాడు, అది కస్టమర్ జాబితాతో పోల్చి చూసి మండిపడ్డాడు.

"ఆ పేరు ఇప్పుడు లేదు. కస్టమర్ ఇచ్చిందే కొట్టు."

"నేను పుట్టిన ఊరు అది. మార్చను."

"అయితే రేపట్నుంచి డ్యూటీ మాఫీ, ఇక పని లేదు. యల్లా, కదులు, లే!"

పెద్దాయన కోపంగా కుర్చీ వెనక్కి తోసి తలుపు వైపు నడిచారు. ప్రసాద్ నావైపు తిరిగాడు. "నువ్వు కొట్టవయ్యా, నీకు కీలన్నీ తెలుసుగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ పేరు నేను చెరపనండీ. మా కంపెనీకి ఏం రాసుకుంటారో రాసుకోండి," అని అరిచి, అబూ సలీం వెంట బయటికి వచ్చేశాను.

మెట్ల మీద ఆయన ఆగి, "మీ ఊరి పేరేంటి?" అని అడిగారు.

"ఏలూరు."

ఇంకా చల్లారని కోపంతోనే, సరిగ్గా పలికేదాకా ఆ పేరు మళ్ళీ మళ్ళీ అన్నారు.